అత్త పెట్టిన ఎర్ర చుక్క

మా మేనత్తకి ఒక జబ్బుంది. ఇంట్లో ఏ వస్తువు కనపడినా దానికి తొడుగు కుట్టేస్తుంది. టీవీ రిమోట్‌కి తొడుగు, ఫ్రిజ్ పిడికి తొడుగు. గొడుగుకి ఎలాగూ ఒకటి ఉంటుంది కదా, దానిమీద ఇంకొకటి. మామయ్య కళ్ళజోడు పెట్టెకి గళ్ళగుడ్డతో ఒకటి కుట్టి గుండీ కూడా పెట్టింది. "నన్ను కూడా ఏదో ఒకరోజు నిలువునా కుట్టేస్తుంది, చూస్తూ ఉండవే" అంటాడు మామయ్య నాతో. "ముందు మీ నోటికి కుట్టాలి" అంటుంది అత్త, మిషన్ తొక్కుతూనే.

నవ్వులాట పక్కన పెడితే, అత్త దర్జీ. అయితే అందరిలాంటి దర్జీ కాదు. పుట్టుకతోనే ఆవిడ ఎడమ భుజం కుడి భుజం కంటే కిందికి ఉంటుంది. చిన్నప్పుడు ఏ గౌను తొడిగినా ఒకవైపు జారేది, ఇంకోవైపు బిగిసేది. ఒక దర్జీ అయితే మొహం మీదే, "ఈ ఒంటికి కుట్టడం నావల్ల కాదు, తీసుకెళ్ళండి" అన్నాడట. వాడి నోట్లో మట్టి పడ! ఆ పూట ఏడుస్తూ ఇంటికొచ్చిన పిల్ల, మర్నాటినుంచి తన బట్టలు తనే కుట్టుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఆవిడ వరండాకి వచ్చేవాళ్ళంతా అలాంటివాళ్ళే. వీపు వంగినవాళ్ళు, ఒక చెయ్యి లేనివాళ్ళు, పక్షవాతం వచ్చి గుండీ పెట్టుకోలేనివాళ్ళు, చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్ళు. రెడీమేడ్ కొట్లలో ఏదీ పట్టక విసిగిపోయి వస్తారు. వెళ్ళేటప్పుడు అద్దం ముందునుంచి ఒక పట్టాన కదలరు.

రెండేళ్ళ కిందట మా నాన్న కొత్త లాప్‌టాప్ కొనుక్కుని, పాతది తన చెల్లెలికి, అంటే మా అత్తకి ఇచ్చాడు. దానికి కొత్త బ్యాటరీ, కొత్త డిస్కు నేనే దగ్గరుండి వేయించాను. బొమ్మలు గీయడం కూడా నేనే నేర్పాను. మొదట్లో అత్త మౌసు పట్టుకుంటే ఇస్త్రీపెట్టె పట్టుకున్నట్టే ఉండేది, బల్లంతా రుద్దేసేది. కానీ పట్టు వదల్లేదు. అంతకుముందు ఎవరికి ఏం కత్తిరించినా పాత పేపరు మీద గీసి, పని అయ్యాక చుట్టి పారేసేది. ఆ విద్యంతా ఆవిడ చేతుల్లోనే ఉండిపోయింది. ఈ రెండేళ్ళలో అదంతా బొమ్మలుగా గీసింది. ఏ ఒంటికి ఎక్కడ కొయ్యాలి, ఎక్కడ గుడ్డ వదలాలి, గుండీ బదులు ఏం పెడితే ఒంటిచేత్తో తొడుక్కోవచ్చు, అన్నీ.

"ఇంకో కాపీ దాచుకో అత్తా" అని నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను.

"అసలుది నా కళ్ళముందే ఉండగా నకలెందుకే?" అని కొట్టిపారేసింది.

ఇలా ఉండగా ఒకరోజు పెద్దాసుపత్రినుంచి ఫోనొచ్చింది. ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవాళ్ళకి మళ్ళీ నడక, పని నేర్పే విభాగం ఒకటుంది అక్కడ. దాన్ని చూసుకునే డాక్టరమ్మ దగ్గరికి వచ్చిన పేషెంటెవరో అత్త కుట్టిన చొక్కా వేసుకుని వచ్చారట. డాక్టరమ్మ ఆ చొక్కాని తిప్పి తిప్పి చూసి, అత్త నంబరు అడిగి తీసుకుంది.

"మా దగ్గర ఒక కుట్టుపని గది తెరుద్దామనుకుంటున్నామండీ. ఈ సోమవారం కాక పై సోమవారం కమిటీ కూర్చుంటుంది. మీ బొమ్మలు తెచ్చి తెరమీద చూపించండి. వాళ్ళకి నచ్చితే నేర్పించే ఉద్యోగం మీకే ఇస్తాం" అంది.

అత్త ఫోను పెట్టేసి చాలాసేపు మిషన్ ముందు ఊరికే కూర్చుంది. మిషన్ ముందు ఆవిడ ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత లేచి, ఆ సంతోషం పట్టలేక ఏం చేసిందనుకున్నారు? లాప్‌టాప్‌కి తొడుగు కుట్టింది. లోపల దూది, పైన మందపాటి గుడ్డ, చుట్టూ జిప్పు. తెర, మీటలు తప్ప ఇంకేమీ కనపడకుండా, ఒంటికి అతికినట్టు. పనిచేసేటప్పుడు కూడా విప్పక్కర్లేదట. "చూడవే, ఎంత బాగా పట్టిందో" అని పిల్లకి కొత్తబట్టలు తొడిగినట్టు మురిసిపోయింది.

ఆ వారమే లాప్‌టాప్‌కి రోగం వచ్చింది. పెట్టిన కాసేపటికే తెర ఆరిపోయేది. ఆగి మళ్ళీ పెడితే కాసేపు వెలిగి, సరిగ్గా అత్త గీత గీసే సమయానికి పుటుక్కుమనేది. మామయ్య బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఆయనకి తెలిసిన మొదటి వైద్యం దెబ్బ వెయ్యడం. "పక్కన ఒక్కటిస్తే దారికొస్తుంది" అని చెయ్యెత్తాడు. అత్త కత్తెర ఎత్తింది. ఆయన చెయ్యి దించాడు.

నేనూ అత్తా కలిసి పెద్దవీధిలో ఉన్న అద్దాల షాపుకి వెళ్ళాం. అక్కడివాళ్ళు మురికి చేస్తారని అత్త తొడుగు విప్పి ఇంట్లోనే పెట్టింది. కౌంటర్ మీద పెట్టి మీట నొక్కితే లాప్‌టాప్ చక్కగా వెలిగింది. ఎంతసేపటికీ ఆరదే!

"ఇప్పుడు బాగానే ఉన్నట్టు కనపడుతోంది మేడం. అదే దీంట్లో ప్రమాదం" అన్నాడు షాపాయన, తెరవకుండానే, కనీసం ముట్టుకోకుండానే. "మదర్‌బోర్డు పోయింది. కొత్తది కొనుక్కోండి."

"మరి లోపలున్న నా బొమ్మలు?" అంది అత్త.

"వాటిమీద ఆశ వదులుకోండి."

నాకు ఒళ్ళు మండింది. చెయ్యి పెట్టి నాడైనా చూడకుండా చావుకబురు చెప్పే వైద్యుడిని అక్కడే చూశాను. "మీ మొహం చూస్తే మీకే ఏదో పోయినట్టుందండీ" అని అనేసి అత్తని లాక్కొచ్చాను.

పక్కసందులో ఇంకో షాపుంది. ఇరుకు గది, గోడనిండా వైర్లు. ఒక అద్దాల బీరువాలో అమ్మకానికి పెట్టిన పాత లాప్‌టాప్‌లు. ఆ షాపాయన మాత్రం తేనెలో ముంచి తీసినట్టు మాట్లాడాడు. "అయ్యో, దీనికే ఇంత దిగులా అమ్మా? లోపల దుమ్ము పట్టి ఉంటుంది. పెట్టి వెళ్ళండి, రేపటికల్లా కొత్తదానిలా చేసిస్తా."

అత్త కదల్లేదు. "ముందు దీన్ని విప్పు బాబూ, గుర్తు పెట్టాలి" అంది.

ఇక్కడ అత్త పద్ధతి ఒకటి చెప్పాలి. ఆవిడ చేతికి ఎవరు బట్ట ఇచ్చినా, ఇచ్చినవాళ్ళు గడప దాటకముందే, వాళ్ళ కళ్ళముందే, ఆ బట్ట లోపలి మూలన రంగుదారంతో ఒక కుట్టు వేస్తుంది. ఒకరి బట్ట ఇంకొకరికి పోకూడదు, మా గుడ్డ మార్చేశావని ఎవరూ అనకూడదు. గుర్తు పడని బట్ట బల్ల ఎక్కదు. లోకంలో రిపేరు చేసేవాళ్ళందరికీ అదే పద్ధతి ఉంటుందని ఆవిడ నమ్మకం.

"గుర్తేంటమ్మా? ఇది చొక్కానా?" అని నవ్వాడు షాపాయన.

"చొక్కాకే పెడితే దీనికి పెట్టొద్దూ? విప్పు."

అతను నసుగుతూనే కింది మూత విప్పాడు. దారం కుట్టే వీలు లేదు. అత్త నావైపు చెయ్యి చాపింది. "ఏమే, నీ సంచిలో గోళ్ళరంగుంటుందిగా, తియ్యి." షాపులో జనం మమ్మల్నే చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఎర్రరంగు సీసా తీసి ఇచ్చాను. అత్త కళ్ళజోడు సవరించుకుని, బ్యాటరీ మూలన ఒక చుక్క, డిస్కు మూలన ఒక చుక్క పెట్టి, ఉఫ్ ఉఫ్ అని ఊది ఆరబెట్టింది.

"ఇన్నేళ్ళలో ఇలాంటి కస్టమర్‌ని చూడలేదమ్మా" అన్నాడతను.

"ఇప్పుడు చూశావుగా" అంది అత్త.

ఆ తర్వాత మొదలైంది మా కాళ్ళరుగుడు. వెళ్తే రేపు రమ్మంటాడు. ఆ రేపు వెళ్తే ఇంకో రేపు. ఫోను చేస్తే ఎత్తడు. ఎత్తితే "దారిలో ఉన్నానమ్మా" అంటాడు, వెనక అతని షాపు ఫ్యాను చప్పుడు మాకు వినపడుతూనే ఉంటుంది. ఇంట్లో మేం అతనికి 'రేపుగారు' అని పేరు పెట్టేసుకున్నాం. పైకి నవ్వుతున్నామే గానీ, సోమవారం నెత్తిమీదికి వచ్చేసింది. అత్త పాత పేపర్లు ముందేసుకుని బొమ్మలు మళ్ళీ గీయబోయింది. రెండేళ్ళ పని నాలుగు పూటల్లో ఎక్కడవుతుంది? పెన్సిల్ పక్కన పడేసి, "పోనీలేవే, నాకు రాసిపెట్టి లేదు" అంది. ఆ మాట అత్త నోట వినడం నాకు అస్సలు నచ్చలేదు. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి, ఆవిడని వెంటబెట్టుకుని షాపు తెరిచే వేళకే వెళ్ళి కూర్చున్నాను.

ఈసారి రేపుగారు లాప్‌టాప్ తెచ్చి ముందు పెట్టాడు. మొహం వేలాడేసుకుని, "డిస్కు కాలిపోయిందమ్మా. వేరేది వేశాను. పాతవన్నీ పోయాయి, ఎవరూ ఏం చెయ్యలేరు" అన్నాడు.

తెర వెలిగింది. ఏమీ లేదు. ఒక్క బొమ్మ లేదు, ఒక్క గీత లేదు. ఆ తర్వాత నేనేమన్నానో ఇక్కడ రాయలేను. వరసలో ఉన్న పెద్దాయన ఒకరు చెవులు మూసుకున్నారు.

అత్త మాత్రం గొంతెత్తలేదు. "ఆ కాలిపోయిన డిస్కు ఇవ్వు బాబూ."

"పారేశామమ్మా."

"సరే. మూత విప్పు."

విప్పాడు. కొత్తగా వేశానన్న డిస్కు సంగతి సరే, బ్యాటరీకి కూడా ఎర్ర చుక్క లేదు.

"నా బ్యాటరీ కూడా కాలిపోయిందా?"

"అదేనమ్మా అది. తుడుస్తుంటే రంగు పోయి ఉంటుంది."

నేను నా గోళ్ళు అతని కళ్ళముందు పెట్టాను. "వారంనుంచి గిన్నెలు తోముతున్నా పోలేదు. తుడిస్తే పోతుందా? ఎవరి చెవిలో పూలు పెడుతున్నారండీ?"

అత్త నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగి, స్టూలు మీద కూలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని మెల్లగా అంది, "సర్లే బాబూ, నా ఖర్మ. సోమవారానికి నాకు ఏదో ఒకటి కావాలి. ఆ బీరువాలో అమ్మకానికి పెట్టినవి చూపించు, ఒకటి తీసుకుంటా."

"అత్తా! మతి పోయిందా? వీడి దగ్గర..."

తొడమీద గట్టిగా గిల్లింది.

రేపుగారికి ప్రాణం లేచొచ్చింది. బీరువా తెరిచి ఒకటి తీసి తళతళలాడేలా తుడిచి పెట్టాడు. అత్త తెరవైపు చూడనేలేదు. "తిరగేసి మూత విప్పు. బట్ట కొనేటప్పుడు నేను లోపలి కుట్టే చూస్తా" అంది. విప్పాడు. ఏమీ లేదు. ఇంకోటి అడిగింది. దాంట్లోనూ ఏమీ లేదు. అప్పుడు వేలు పెట్టి చూపించింది, "ఆ వెనకున్న నల్లది తియ్యి, అచ్చు నాదిలాంటిదే."

"అది వద్దమ్మా. ఇంకా సెట్ చెయ్యలేదు."

"ఫర్వాలేదు, చూపించు."

"అది వేరేవాళ్ళకి మాటిచ్చేశానమ్మా."

"ఇప్పుడేగా సెట్ చెయ్యలేదన్నావు? మాటెప్పుడిచ్చావు?"

అతను బీరువా తలుపు మూయబోయాడు. వరసలో ఉన్న పెద్దాయన చెవులమీంచి చేతులు తీసి, "చూపించవయ్యా, కొనుక్కునే మనిషి అడుగుతుంటే!" అని కసిరాడు. మిగతావాళ్ళూ కౌంటర్ మీదికి వంగారు. ఇక తప్పక ఆ నల్లదాన్ని తెచ్చి మూత విప్పాడు. స్క్రూలు కూడా సరిగ్గా బిగించలేదు, చేతికే ఊడొచ్చాయి.

బ్యాటరీ మూలన ఎర్ర చుక్క. డిస్కు మూలన ఎర్ర చుక్క.

నేను వేసిన కేక వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

"గోళ్ళరంగు ఎవరైనా పెట్టొచ్చు" అన్నాడతను.

"పెట్టొచ్చు" అని ఒప్పుకుంది అత్త. "అయితే ఆ మీట నొక్కు, ఎవరు పెట్టారో అదే చెబుతుంది."

అతను నొక్కలేదు. పెద్దాయన చెయ్యి చాపి నొక్కాడు. తెర వెలిగింది. తెరనిండా మా మామయ్య ఫోటో, నోరు తెరుచుకుని నిద్రపోతున్నది. షాపంతా గొల్లుమంది. అత్త వేళ్ళతో టకటకా పాస్‌వర్డ్ కొట్టింది. వచ్చేశాయి బొమ్మలన్నీ, ఒకదాని కింద ఒకటి, ఒక్క గీత చెరగకుండా. ఆవిడ తెరమీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, సిగ్గెందుకు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు నిండిపోతుంది. పెద్దాయన తన లాప్‌టాప్ తీసి కౌంటర్ మీద దబ్బున పెట్టాడు. "పోయిన నెల నీ దగ్గరే బాగుచేయించాను. విప్పు, నాది నాకుందో లేదో చూస్తాను" అన్నాడు. వెనకున్నావిడ, "నాది కూడా" అంది. రిపేరుకి ఇవ్వడానికి వచ్చినవాళ్ళు తమవి తిరిగి సంచుల్లో పెట్టేసుకున్నారు. ఒకావిడ అయితే నన్నడిగింది, "ఆ గోళ్ళరంగు ఒకసారి ఇస్తారా?" అని. సీసా చేతులు మారుతూ పోయింది. రేపుగారు కిక్కురుమనకుండా అత్త డిస్కు, అత్త బ్యాటరీ తీసి మళ్ళీ అత్త లాప్‌టాప్‌లో బిగించాడు. ప్రతి స్క్రూ తిరుగుతున్నంతసేపూ అత్త పక్కనే నిలబడి చూసింది.

"డబ్బులేమీ వద్దమ్మా" అన్నాడు చివరికి.

"ఇస్తానని నేనెప్పుడన్నాను?" అంది అత్త.

ఇంటికి వస్తూనే నేను ముందు చేసిన పని, బొమ్మలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం. ఈసారి ఆవిడ నకలెందుకని అడగలేదు. మామయ్యకి కథంతా నటించి మరీ చూపించాం, నేను రేపుగారిని, అత్త అత్తనే. ఆయన పడీపడీ నవ్వుతుంటే అత్త లాప్‌టాప్ దుమ్ము దులిపి, ముద్దుచేసి, తొడుగు తొడిగి, జిప్పు వేసి, సోమవారానికి బొమ్మలు వరసలో పెట్టడానికి కూర్చుంది.

కాసేపయింది. పుటుక్కుమంది.

ముగ్గురం తెల్లమొహాలు వేశాం. అత్త మీట మళ్ళీ మళ్ళీ నొక్కింది. "నిజంగానే మదర్‌బోర్డు పోయిందేమోనే."

మామయ్య లేచొచ్చాడు. దెబ్బ వేస్తాడేమోనని నేను అడ్డం వెళ్ళాను. ఆయన కొట్టలేదు. తొడుగు సందులోంచి వేలు దూర్చి, చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. జిప్పు లాగి చూస్తే అడుగంతా పెనంలా కాలుతోంది. పక్కనా, కిందా గాలి పోయే చిల్లులన్నీ దూది కింద, గుడ్డ కింద.

"ఓసి నీ తొడుగు తగలెయ్య!" అన్నాడు మామయ్య. "ఇంజనుకి గాలాడకుండా ముక్కూనోరూ కలిపి కుట్టేశావు కదే! ఆగిపోక ఏం చేస్తుంది?"

అత్త తొడుగువంక చూసింది, లాప్‌టాప్‌వంక చూసింది. అద్దాల షాపు, పక్కసందు, అన్ని రేపులు, అంత ఏడుపు, అన్నిటికీ మూలం ఆవిడ సంతోషం పట్టలేక కుట్టిన ఆ గుడ్డే. నవ్వు మొదలైందంటే ఆగలేదు. నవ్వుతూనే కత్తెర తీసి, తొడుగు అడుగంతా కత్తిరించి పారేసింది. "దీని కొలతలు సరిగ్గా తీసుకోలేదే నేను. ఊపిరెక్కడ పీలుస్తుందో చూసుకోలేదు" అంది. లాప్‌టాప్ ఆ రోజంతా ఆరలేదు. తర్వాత కూడా ఆరలేదు.

సోమవారం ఆసుపత్రిలో పొడుగు బల్లకి అటువైపు కమిటీవాళ్ళు, ఇటువైపు అత్త. నేను గోడపక్కన కుర్చీలో, గుప్పిట్లో పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చున్నాను. తెరమీద బొమ్మలు ఒక్కొక్కటే పడుతుంటే అత్త గొంతు మొదట వణికింది, తర్వాత తన వరండాలో ఉన్నట్టే అయిపోయింది. ఇదిగో వంగిన వీపు, ఇక్కడ గుడ్డ ఎక్కువ వదలాలి. ఇదిగో కుర్చీలో కూర్చునేవాళ్ళ ప్యాంటు, వెనక ఎత్తు, ముందు పల్లం. కమిటీవాళ్ళు ముందుకు జరిగి కూర్చున్నారు. ఒకాయన, "దాన్ని ఇంకోసారి చూపించండి" అన్నాడు. ఇంకొకావిడ రాసుకోవడం మొదలుపెట్టింది.

బొమ్మలయ్యాక డాక్టరమ్మ తలుపు తీసి ఒక అమ్మాయిని లోపలికి తీసుకొచ్చింది. ఏదో ప్రమాదంలో ఆ అమ్మాయి కుడిచెయ్యి పనిచేయకుండా పోయింది. ఒంటిమీద ఎవరిదో వదులు చొక్కా, దానికి పిన్నీసులు. తలెత్తకుండా అంది, "నాకేదీ సరిగ్గా పట్టడం లేదండీ. మీరు ఒకటి కుట్టిపెడతారా?"

"కుట్టను" అంది అత్త.

డాక్టరమ్మ మొహం మాడిపోయింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

అత్త మెడలోంచి కొలత టేపు తీసి, ఆ అమ్మాయి ఎడమచేతిలో పెట్టింది. "నువ్వే కుట్టుకుంటావు. ఒక కొస పంటితో పట్టుకో. ఆఁ, అలాగే. రెండో కొస భుజం మీదినుంచి వదులు. జారనియ్యి, భయం లేదు. ఇప్పుడు మణికట్టు దగ్గర వేలితో నొక్కి పట్టుకుని, అంకె చదువు."

ఆ అమ్మాయి టేపు పళ్ళతో పట్టుకుని, తల వంచి, అంకె చూసుకుని చదివింది. మాట ముద్దగా వచ్చింది. సిగ్గుపడి నవ్వింది. అత్త, "తప్పు, ఇంకోసారి" అంది. ఆ అమ్మాయి ఇంకోసారి కొలిచింది. ఈసారి గట్టిగా చదివింది.

బల్ల చివర కూర్చున్న పెద్దమనిషి గొంతు సవరించుకుని, నవ్వు ఆపుకుంటూ అన్నాడు, "అమ్మా, మేమింకా మా నిర్ణయం చెప్పలేదు."

"చెప్పండి బాబూ, వింటున్నాను" అంది అత్త, ఆ అమ్మాయి రెండో భుజం మీదికి టేపు జరుపుతూ. "ఈలోగా మేం కొలతలు పూర్తిచేసుకుంటాం."